కట్టుకథ వెనకున్న కట్టుబాటు

ఎస్కిమోలుగా మనకు పరిచయమైన ఇన్యూట్ల గురించి ఒక మాట ప్రపంచమంతా పాకింది. ఇంటికి ఎవరొచ్చినా భార్యను ఆ రాత్రికి అతిథికి అప్పగిస్తారనీ, వద్దంటే ఘోరమైన అవమానంగా తీసుకుంటారనీ. 1950లో హాన్స్ రూష్ రాసిన నవల, దాని ఆధారంగా 1960లో ఆంథొనీ క్విన్ నటించిన సినిమా ఈ మాటకు మరింత బలమిచ్చాయి. ఆ కథలో భార్యను కాదన్న మతబోధకుణ్ణి వేటగాడు కోపంలో చంపేస్తాడు. ఈ ప్రచారం ఇంతకాలం నిలవడానికి కారణం అది పూర్తిగా అబద్ధం కాకపోవడమే. దంపతుల మార్పిడి ఇన్యూట్లలో కొన్నిచోట్ల నిజంగానే ఉండేది. కానీ అది ముక్కూమొహం తెలియనివాడికిచ్చే కానుక కాదు. పరాయివాడంటే భయపడే సమాజం, ఆ భయాన్ని దాటడానికి ఏర్పరచుకున్న బాంధవ్యాల్లో అదొకటి. ఆ బాంధవ్యాన్ని పక్కనపెట్టి మిగిలినదాన్ని మాత్రమే లోకం చెప్పుకుంది.

పాతకాలపు ఇన్యూట్ల దగ్గర కొత్తమనిషికి మొదట ఎదురయ్యేది అనుమానం. వాయవ్య అలాస్కాలోని ఇన్యూట్ శాఖ అయిన ఇన్యూపియాట్ల చరిత్రను దశాబ్దాలపాటు పరిశోధించిన ఎర్నెస్ట్ బర్చ్ చూపించినదాని ప్రకారం, 19వ శతాబ్దం తొలి భాగంలో వాళ్లు ఎన్నో చిన్నచిన్న జాతులుగా, ఎవరి సరిహద్దుల్లో వాళ్లు బతికేవాళ్లు. వాటి మధ్య యుద్ధాలూ జరిగేవి. తనవాళ్లెవరూ లేని పరాయి గడ్డమీద చిక్కినవాడి ప్రాణాలకే ముప్పు. 1883–84లో బాఫిన్ దీవిలో గడిపిన మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్, 1888లో అచ్చైన తన గ్రంథంలో పరాయివాణ్ణి ఎదుర్కొనే పద్ధతిని వివరించాడు. ఊరివాళ్లు వరసగా నిలబడతారు, వాళ్లకు ముందు ఒకడు నిలుస్తాడు. వచ్చినవాడు చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి, నెమ్మదిగా దగ్గరికి వస్తాడు. ముందున్నవాడు బలంకొద్దీ అతని చెంపమీద కొట్టి, తర్వాత తన చెంప అప్పగిస్తాడు. ఇద్దరిలో ఒకరు ఓడేదాకా ఇది సాగుతుంది. 1830 జనవరిలో అన్వేషకుడు జాన్ రాస్ ఓడ దగ్గరికి వచ్చిన నెట్సిలిక్ ఇన్యూట్లు కూడా ఆయుధాలతో బారులు తీరే నిలబడ్డారు. రాస్ మనుషులు తుపాకులు కింద పడేశాకే వాళ్లూ ఆయుధాలు వదిలేశారు. ఇలాంటి జనం గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడికీ భార్యను అప్పగించేవాళ్లని నమ్మడం ఎలా?

మరి అంత అపనమ్మకం మధ్య ప్రయాణాలు, వ్యాపారం ఎలా సాగాయి? పరాయివాణ్ణి ఏదో ఒక వరసలోకి తెచ్చుకోవడం వల్ల సాగాయి. రక్తసంబంధం, ఒకే పేరు పెట్టుకున్నవాళ్ల మధ్య అనుబంధం, తరాలు దాటే వ్యాపార భాగస్వామ్యం, వీటితోపాటు సహవివాహం. రెండు జంటలు ఒప్పందానికి వచ్చి కొంతకాలం భాగస్వాములను మార్చుకునేవి. ఆ కలయిక ఎంత స్వల్పమైనా దానివల్ల ఏర్పడిన బంధం జీవితాంతం ఉండేది. రెండు ఇళ్ల పిల్లలూ తోబుట్టువుల వరసయ్యేవాళ్లు. కరువొస్తే తిండి పెట్టడం, ఆ ప్రాంతానికి వస్తే ఆశ్రయమిచ్చి కాపాడడం బాధ్యతలయ్యేవి. పగలు చల్లారడానికి వియ్యమందుకునే పద్ధతి తెలిసిన మనకు దీని ఉద్దేశం అర్థం కావడం కష్టమేమీ కాదు. ఉత్తర అలాస్కాలో ఒక ఊరు మరో ఊరికి దూతలను పంపి పిలిచే ‘కివ్‌గిక్’ అనే విందులోనూ ఇదే తర్కం. ఎవరికేం కావాలో ముందే కబురు చేసుకునేవాళ్లు. అతిథికి హక్కులెన్నో బాకీలూ అన్నే. 20వ శతాబ్దం మొదట్లో ఆగిపోయిన ఆ విందును 1988లో బారో పట్టణంలో మళ్లీ మొదలుపెట్టారు.

అన్వేషకులు, తిమింగలాల వేటగాళ్లు ఇన్యూట్ స్త్రీలతో గడిపిన దాఖలాలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. 1890 నుంచి హెర్షెల్ దీవి దగ్గర చలికాలమంతా ఆగిన అమెరికన్ ఓడలు సారాను, రోగాలను కూడా మోసుకొచ్చాయి. అక్కడ జరిగినదాంట్లో బేరం, బలవంతం, ఆశ కలగలిసిపోయాయి. దానికి సంప్రదాయమని పేరు పెట్టడం అన్యాయం. వాయవ్య గ్రీన్‌లాండ్‌లో ధ్రువ అన్వేషకుడు రాబర్ట్ పియరీకి అలెకసీనా అనే వివాహితవల్ల ఇద్దరు కొడుకులు పుట్టారు. అతని సహచరుడు మాథ్యూ హెన్సన్‌కూ అక్కడ ఒక కొడుకు. 1909లో వెళ్లిపోయాక ఇద్దరూ మళ్లీ అటు రాలేదు. స్థానికుల దృష్టిలో అలాంటి సంబంధంతో జీవితకాలపు బాధ్యతలు మొదలవుతాయి. వచ్చినవాళ్లు హక్కు మాత్రం తీసుకుని బాకీ వదిలేశారు. గ్రీన్‌లాండ్‌లో దీపాలార్పి చీకట్లో జంటలు మారే ఆట, బాఫిన్ దీవిలో సెడ్నా దేవత పేరిట శరత్కాలంలో జరిగే ఉత్సవంలో స్త్రీపురుషులను జతకట్టే ఆచారం లాంటివి ఊరి సొంత వ్యవహారాలు. యాత్రాకథనాలు వాటినీ అతిథిమర్యాద ఖాతాలోనే వేసేశాయి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. బాంధవ్యం పేరుతో స్త్రీల ఇష్టాయిష్టాలను కప్పిపుచ్చడం లేదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యకూడదు. సహవివాహాన్ని కుదుర్చుకోవడంలో మగవాళ్ల మాట ఎక్కువగా చెల్లిన సందర్భాలున్నాయి. ఇష్టంతో ఒప్పుకున్న స్త్రీలున్నట్టే, ఒత్తిడికి లొంగినవాళ్లూ ఉన్నారు. మనకు చేరిన కథనాల్లో అత్యధికం మగ ప్రయాణికులవి. కానీ ఆ కొరతను తీర్చేది కట్టుకథ కాదు. స్త్రీని అతిథికిచ్చే వస్తువుగా పూర్తిగా మార్చేసింది ఆ కథే. ఇక ఆతిథ్యమంతా చలి చేయించిందేనన్న వాదం కూడా నిలవదు. చలే కారణమైతే పరాయివాణ్ణి తరిమే ఊళ్లు ఉండేవే కావు. మంచు అందరికీ ఒకటే, వరస మాత్రం కొందరికే.

వరస కుదిరాక ఆ ఆతిథ్యం ఎంత గొప్పగా ఉండేదో ధ్రువ అన్వేషకుడు స్టెఫాన్సన్ రాతల్లో కనిపిస్తుంది. 1910 మేలో కెనడా ఉత్తర తీరాన కాపర్ ఇన్యూట్లను అతని బృందం కలిసినప్పుడు, మొదట ఎదురైనవాడి చేతిలో కత్తి ఉంది. వచ్చినవాళ్లు దయ్యాలు కాదు మనుషులేనని తేల్చుకున్నాక ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ పేర్లు చెప్పారు. అతిథుల కోసం అప్పటికప్పుడు మంచుదిమ్మలతో ఇల్లు కట్టారు, సీలు మాంసం వండిపెట్టారు. దీని పక్కనే పియరీ 1897లో న్యూయార్క్‌కు తీసుకెళ్లిన ఆరుగురు ఇన్యూట్ల గతిని పెట్టి చూడాలి. అక్కడి ప్రకృతిచరిత్ర మ్యూజియం వాళ్లను నేలమాళిగలో ఉంచింది. నెలల్లోనే నలుగురు జబ్బుచేసి చనిపోయారు. మీనిక్ అనే పసివాడి ఎదుట తండ్రి కిసుక్‌కు అంత్యక్రియల నాటకమాడి, అస్థిపంజరాన్ని మ్యూజియం దాచుకుంది. ఆ నలుగురి అవశేషాలు 1993లో గానీ సొంత గడ్డకు చేరలేదు. ఇన్యూట్ల ఆతిథ్యం ఎంత వింతైనదో లోకం నూరేళ్లకు పైగా చెప్పుకుంది. వాళ్లు అతిథులుగా వెళ్లిన ఇంట్లో వాళ్లకేం జరిగిందో కూడా అంతే గట్టిగా చెప్పుకున్నప్పుడే ఈ చరిత్రకు న్యాయం జరిగినట్టు.