లారీ డ్రైవరు లైసెన్సు ఎప్పుడు రద్దవుతుంది?

లారీ డ్రైవరుకు లైసెన్సే జీవనాధారం. మోటారు వాహనాల చట్టం (1988) 19వ సెక్షను ప్రకారం దానిని రద్దు చేసే అధికారం రవాణా శాఖకు ఉంది. పరిమితికి మించిన బరువు, సరకు వాహనంలో మనుషులను ఎక్కించడం, అతివేగం, మద్యం సేవించి నడపడం ఇందుకు ముఖ్య కారణాలు.

అతివేగం, ప్రమాదకరంగా నడపడం, మద్యం కేసుల్లో పోలీసులు లైసెన్సును స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపవచ్చు. నేరం నిర్ధారణ అయితే తొలిసారి 3 నెలల అనర్హత, మళ్లీ అదే జరిగితే రద్దు అని 2019 సవరణ చట్టం నిర్దేశించింది. గడువు ముగిశాక లైసెన్సు తిరిగి పొందాలంటే పునశ్చరణ శిక్షణ పూర్తిచేయాలి.

యజమాని షరతులు ఉల్లంఘిస్తే 86వ సెక్షను కింద లారీ పర్మిట్‌ను సైతం నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు.

అయితే డ్రైవరు వాదన వినకుండా లైసెన్సు రద్దు చేయరాదు. కనుక నోటీసు అందిన వెంటనే వివరణ ఇవ్వడం మేలు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అనర్హత కాలంలో వాహనం నడిపితే అది మరో నేరమవుతుంది.