గమ్యం లేని పరుగు

వ్యాయామం కోసం పరుగెత్తుట కొందరికి ఎంత ప్రియమో మరికొందరికి అంత అప్రియం. ఈ రెండవ కోవకు చెందినవారిని లోకం సులభంగా సోమరులని పిలుస్తుంది. కారణం విచారించక నింద మోపుట న్యాయం కాదు. పరుగుకు ఒక చరిత్ర ఉన్నది. ఎవరు పరుగెత్తినారు, ఎవరి పని మీద పరుగెత్తినారు అన్న ప్రశ్నలకు ఆ చరిత్రలో ప్రధాన స్థానం ఉన్నది. మనకు ఇరుగుపొరుగైన బస్తరు సీమ గత శతాబ్దపు కథ ఈ ప్రశ్నలను స్పష్టంగా మన ముందుంచుతుంది.

మొదట శరీరం మాట. దూరపు పరుగుకు అనువుగా మానవదేహం రూపొందినదని డెనిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ అను శాస్త్రజ్ఞులు 2004లో ప్రతిపాదించినారు. మడమ వెనుకనున్న పొడవైన స్నాయువు, ధారాళంగా చెమట పట్టే చర్మం అందుకు వారు చూపిన సాక్ష్యాలలో కొన్ని. ఆ లీబర్‌మనే 2020లో వెలువరించిన గ్రంథంలో మరొక సత్యం చెప్పినాడు: అవసరం లేని శ్రమను తప్పించుకొనుట కూడా ప్రకృతి మనకిచ్చిన గుణమే. 60 కిలోల బరువున్న మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 300 కెలోరీల శక్తి ఖర్చవుతుంది. దుంపలు త్రవ్వి, తేనె పట్టు దింపి ఆ శక్తిని తిరిగి సంపాదించుకోవలసినవానికి అది చిన్న లెక్క కాదు. టాంజానియాలోని హడ్జా వేటగాండ్రు ప్రతిదినం చాలా దూరం నడుస్తారు; పగటివేళ దాదాపు 10 గంటలు చతికిలబడో గొంతు కూర్చుండో విశ్రమిస్తారు కూడా. వారిని సోమరులనగల ధైర్యం ఎవరికున్నది? కాళ్ళు పరుగుకు సమర్థములే. మనస్సు మాత్రం 'ఎందుకు?' అని అడుగుతుంది.

ఆ ప్రశ్నకు పూర్వం సమాధానం చెప్పినది తరచు యజమాని. 14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇబన్ బతూతా, మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలపు కాలిబంట్ల టపాను వర్ణించినాడు. మైలుకు మూడు మజిలీలు. ప్రతి మజిలీలోను గజ్జెల కర్ర చేబూని సిద్ధంగా నిలిచిన మనుష్యులు. సుల్తాను దౌలతాబాదులో ఉన్నప్పుడు త్రాగుటకు గంగాజలం నలువది దినాల ప్రయాణదూరం నుండి ఈ కాళ్ళ మీదనే వచ్చేది. 'అంచె' అను మన తెలుగు మాటలో ఆ అడుగుల చప్పుడు నేటికీ వినవచ్చును. గంగాజలం సుల్తానుది, ఆయాసం బంటుది. పల్లకీలోనివాడు నిద్రించగా దాని క్రింద పరుగెత్తిన బోయీలదీ ఇదే కథ.

పాశ్చాత్య దేశాలలో సైతం గమ్యం లేని శ్రమ మొదట శిక్షగానే ప్రసిద్ధికెక్కినది. 1818లో విలియం క్యూబిట్ అను ఇంగ్లీషు ఇంజనీరు కారాగారాల కోసం మెట్లచక్రం నిర్మించినాడు. ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూనే ఉండేవారు, ఎక్కడికీ చేరేవారు కారు. 1898 నాటి చట్టంతో అది అంతరించినది. ఆరోగ్యార్థం మెల్లగా పరుగెత్తే అలవాటు 1962 ప్రాంతంలో న్యూజీలండులో ఆర్థర్ లిడియార్డ్ చొరవతో వ్యాపించి, 1968లో కెనెత్ కూపర్ వ్రాసిన గ్రంథంతో అమెరికాలో బలపడినది. ఇంటిలో నిలిచి పరుగెత్తే యంత్రానికి ఖైదీల చక్రం పేరే దక్కినది: ట్రెడ్‌మిల్. పేరు మారకుండానే శిక్ష వ్యాయామమైనది!

ఇక బస్తరుకు వత్తము. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇంద్రావతి తీరాన రాజ్యం స్థాపించినాడని సంప్రదాయం చెప్తుంది. వలసపాలన కాలంలో అక్కడి గిరిజనులపై పడిన పెద్ద భారం 'బేగారి'. మన భాషలో వెట్టి. బాటలు వేయుట, దౌరాకు వచ్చిన అధికారుల సామాను మోయుట, వారికి తిండి గింజలు సమకూర్చుట వారి విధి. 1905లో మూడింట రెండువంతుల అడవిని రిజర్వు చేయవలెనన్న ప్రతిపాదన వచ్చినది. 1910 ఫిబ్రవరిలో 'భూమ్‌కాల్' చెలరేగినది. మామిడి కొమ్మలు, మిరపకాయలు, మట్టిగడ్డలు, బాణాలు ఊరినుండి ఊరికి చేతులు మారినవి. ఇదియు టపాయే, కాని ఏ సుల్తాను ఆజ్ఞా లేనిది. పుసపాల్ సంత కొల్లగొట్టబడినది. కొన్ని నెలలలో తిరుగుబాటు అణగిపోయినను, నేతానార్ గ్రామానికి చెందిన నాయకుడు గుండాధుర్ పట్టుబడలేదు. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణాన్ని తరువాత ప్రభుత్వం గణనీయంగా తగ్గించవలసి వచ్చినది. మన మన్యంలోను బాటపనులలోని వెట్టి, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన తిరుగుబాటుకు ఒక కారణమైనది.

పాలకుల వ్రాతలలో ఈ అడవి ప్రజలకు తరచు దొరికిన బిరుదు 'సోమరులు'. గ్రిగ్‌సన్ 1938లో మాడియాలను గూర్చియు, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాలను గూర్చియు వ్రాసిన గ్రంథాలను చదివినవారికి ఆ బిరుదు నిలువదని తెలుస్తుంది. పెండ్లిళ్ళలో అడవిదున్న కొమ్ముల తలపాగాలు ధరించి, బరువైన డోళ్ళు మెడకు తగిలించుకొని, మాడియా పురుషులు గంటల తరబడి నర్తిస్తారు. దసరాకు జగదల్‌పూరులో మహారథాన్ని త్రాళ్ళతో లాగేవారు ఆదివాసులే. ఒక రాత్రి దానిని కుమ్హడాకోటకు తరలించుకొనిపోవుట కూడా ఉత్సవంలో వారి హక్కు. ఈ శ్రమ పరుగు కంటె తక్కువది కాదు. అయితే ఇది తమది, తమవారి నడుమ జరిగేది.

పరుగుకు మరొక రూపమూ ఉన్నది. 2005లో సల్వా జుడుం ఆరంభమైన తరువాత హింసకు భయపడి వేలకొలది జనం దక్షిణ బస్తరు గ్రామాలు విడిచి గోదావరి తీరపు తెలుగు జిల్లాలకు వచ్చినారు. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. ప్రాణభయంతో పరుగెత్తినవానికి ఉదయపు పరుగులోని ఉల్లాసాన్ని బోధించుటకు ముందు మనం కొంతసేపు మౌనం వహించుట మంచిది.

బస్తరువారికి పరుగంటే ద్వేషమని నా వాదం కాదు. 2024లో జరిగిన బస్తరు ఒలింపిక్స్ క్రీడలలో అక్కడి యువతీయువకులు ఉత్సాహంతో పాల్గొన్నారు. తమంత తాము పూనుకొన్న పరుగు వేరు. వైద్యులు చెప్పే హితవును త్రోసిపుచ్చుట కూడా నా ఉద్దేశం కాదు. దేహానికి కదలిక అవసరం. అయితే వారానికి 150 నిమిషాల మధ్యరకపు శ్రమ చాలునన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, అది పరుగే కావలెనని నిర్బంధించలేదు. వేగంగా నడచినను, నర్తించినను, పొలం పని చేసినను అది చెల్లుతుంది.

పరుగు మెచ్చనివానిలో సోమరితనం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. గమ్యం చూపని శ్రమను శంకించే ప్రాచీన వివేకమో, పరుల ఆజ్ఞకు అలసిన తరాల అనుభవమో వానిలో మాట్లాడుతున్నదేమో మనకు తెలియదు. వానిని మందలించుటకు ముందు, ఏ పనికి వాని కాళ్ళు తమంత తామే లేస్తవో అడిగి తెలిసికొనుట ధర్మం.