ముజిరి రేవు దారి

ఆదివారపు బడి పిల్లలు మనలను తరచు అడిగే ప్రశ్న ఒకటి కలదు. పొగ ఓడలైనను లేని ఆ దినములలో తోమా అపొస్తలుడు యూదయ నుండి మన దేశమునకు ఎట్లు రాగలిగెను? దేవుడు నడిపించెనని చెప్పి ఊరకుండుట చాలదు. అప్పటికే దారి కలదు. అది మిరియాల వర్తకుల దారి.

క్రీ.శ. మొదటి శతాబ్దమున చేర, చోళ, పాండ్య రాజులు తమిళ దేశమును ఏలుచుండిరి. నేటి కేరళము కూడ అప్పుడు తమిళ దేశమే. పడమటి తీరమున చేరుల ముజిరి, దక్షిణమున ముత్యములకు పేరుపడ్డ కొర్కై, తూర్పున కావేరిపూంపట్టణము ముఖ్యమైన రేవులు. కావేరిపూంపట్టణములో సుంకపు ఉద్యోగులు సరకు మూటలపై చోళుల పులి ముద్ర వేసేవారని పట్టినప్పాలై అను ప్రాచీన కావ్యము వలన తెలియుచున్నది.

ఐగుప్తు ఓడలు వేసవి నడుమ బయలుదేరి, ఎర్ర సముద్రము దాటి, నైరుతి గాలులతో తిన్నగా ముజిరి చేరేవి. అరేబియా కొననున్న ఓకెలిస్ నుండి 40 దినముల ప్రయాణమని రోమా రచయిత ప్లినీ వ్రాసెను. ఆయనకు ముజిరి నచ్చలేదు. దగ్గరలో ఓడదొంగలుండిరి, ఓడలు ఒడ్డుకు దూరముగా నిలుచుటచే సరకును చిన్న పడవలపై చేరవేయవలసి వచ్చేది. అంతకు మించి ఆయన బాధ డబ్బును గూర్చినది. ఏటేట 5 కోట్ల సెస్టెర్సులు ఇండియాకు పోవుచున్నవట! ముజిరి వర్తకమునకు సంబంధించిన 2వ శతాబ్దపు అప్పు పత్రమొకటి వియన్నాలో ఉన్నది. 1985లో ప్రచురింపబడిన ఆ పత్రములో సరకు విలువలో నాలుగవ వంతు సుంకము కనబడుచున్నది. అంత చెల్లించియు వర్తకులు మానలేదు.

ఐగుప్తులోని బెరెనికే రేవున, దేవాలయ ఆవరణలో, ఇండియా జాడీ ఒకటి ఏడున్నర కిలోల మిరియాలతో బయటపడెను. ఖుసేరు రేవున దొరికిన పెంకులపై కణన్, చాతన్ అను తమిళ పేర్లున్నవి. అనగా మనవారును అటు పోయిరి. పుదుచ్చేరి చెంత అరికమేడులో 1945లో వీలర్ దొర తవ్వించగా ఇటలీ దేశపు ఎర్రని మెరుగు పాత్రల ముక్కలు దొరికెను. అవి ఇంచుమించు మన ప్రభువు కాలమునాటివి. (ఆనాటి గ్రీకు నావికుని గ్రంథములో మన మసూలా తీరపు సన్నబట్టల ప్రస్తావనయు కలదు.)

తోమా క్రీ.శ. 52లో ముజిరి ప్రాంతమున దిగెనని కేరళ క్రైస్తవుల సంప్రదాయము. 3వ శతాబ్దపు సురియాని గ్రంథమైన తోమా కార్యములు మాత్రము, హబ్బాను అను వర్తకునితో ఆయన ఓడనెక్కి గొండొఫారెస్ రాజు నొద్దకు వచ్చెనని చెప్పుచున్నది. ఆ రాజ్యము వాయవ్యమున ఉండెను, తమిళ దేశమున కాదు. మిరియాలు, పెంకులు దారి ఉన్నదని రుజువు చేయును; ఆ దారిన ఎవరు నడిచిరో చెప్పజాలవు. ఈ రెంటిని కలిపి బోధించుట సరి కాదని మా అభిప్రాయము. పిల్లలు అడిగినప్పుడు ఈ భేదమును కూడ చెప్పుచున్నాము.

కొడుంగల్లూరు సమీపమున పట్టణం అను గ్రామములో 2007 నుండి జరిగిన తవ్వకములలో మధ్యధరా దేశముల ద్రాక్షారసపు జాడీల పెంకులు, పాత రేవుకట్ట, దానిని ఆనుకొని చెక్కతో తొలిచిన దోనె ఒకటి కనబడెను. ముజిరి ఇదేనని పలువురు తలంచుచున్నారు.