మా పేట రిజిస్టరులో లేదు

నిర్వాసితులు అనే మాటలో అందరూ కలిసిపోతారు. నలభై ఎకరాలు పోయిన మునసబు గారూ నిర్వాసితుడే. ఆయన కళ్ళంలో కంబారిగా బతుకంతా అరగదీసిన మా తాతా నిర్వాసితుడే. ఉద్యమాల కరపత్రాల్లో ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. పరిహారం రిజిస్టరు తెరిస్తే మాత్రం అక్కడ మునసబు గారి పేరొక్కటే కనిపిస్తుంది. పరిశ్రమల కోసం ఊళ్ళు పోయిన చరిత్రని చాలామంది రాశారు. ఆ రిజిస్టరులో పేరు లేని పేట వైపు నుంచి రాసింది తక్కువ.

ఈ చరిత్ర 1894లో మొదలవుతుంది. తెల్లదొరలు చేసిన భూసేకరణ చట్టం అది. ప్రజాప్రయోజనం అని సర్కారు రాసేస్తే భూమి తీసుకోవచ్చు. కంపెనీల కోసం తీసుకోవడానికి అందులో ఏకంగా ఏడో భాగమే పెట్టారు. నోటిఫికేషన్ నాటి మార్కెట్ ధర కట్టి, దాని మీద సొలేషియం కలిపి ఇస్తారు. అది 15 శాతం ఉండేది. 1984లో 30 శాతం చేశారు. లెక్కంతా భూమి ధరే. భూమి పోయినోడికి డబ్బిచ్చేస్తే సర్కారు పని అయిపోయింది. కూలి పోయినోడికి ఏటివ్వాలి? నోటిమాట మీద కౌలు చేసుకున్నోడికి ఏటివ్వాలి? పునరావాసం ఇచ్చి తీరాలనే మాట ఆ చట్టంలో లేదు. తెల్లదొరలు పోయాక కూడా 66 ఏళ్ళు మనవాళ్ళు ఆ చట్టంతోనే ఊళ్ళు ఖాళీ చేయించారు. మన రాష్ట్రంలో 1951 నుంచి 1995 దాకా ప్రాజెక్టుల వల్ల నష్టపోయినవాళ్ళు దాదాపు 32 లక్షల మందని వాల్టర్ ఫెర్నాండెజ్ బృందం లెక్క తేల్చింది.

మా ఉత్తరాంధ్రలో విశాఖ ఉక్కు కథ తెలియనివాళ్ళు లేరు. 1966లో ఆ ఫ్యాక్టరీ కోసం జనం రోడ్డెక్కారు, తుపాకీ గుళ్ళకి ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. దాని కోసం లేచిపోయిన పల్లెల వాళ్ళకి ఆర్-కార్డులిచ్చారు. ఆర్-కార్డు అంటే ఉద్యోగం కాదు, ఉద్యోగం అడగడానికి కాగితం. ఆ కాగితాలు పట్టుకుని తండ్రుల తర్వాత కొడుకులు కూడా తిరిగారు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అది ప్రభుత్వ కర్మాగారం గనక అందులో మనకి రిజర్వేషన్ ఉంది. భూమి లేని ఇంట్లోంచి కూడా ఒకడు పర్మినెంటు కార్మికుడయ్యే దారి ఉంది. 2021 జనవరిలో కేంద్రం దాన్ని పూర్తిగా అమ్మడానికి ఒప్పుకున్నప్పుడు అందరూ ఉక్కు గురించి మాట్లాడారు. అమ్మేస్తే ఆ రిజర్వేషన్ కూడా పోతుందని గట్టిగా మాట్లాడింది కొద్దిమందే.

ప్రైవేటు కంపెనీ వస్తే ఏమవుతుందో మా ఊరు చెబుతుంది. 1990ల్లో, నేను పలకా బలపం పట్టిన రోజుల్లో, మా ఊరు ఒక కంపెనీకి పోయింది. దాని పేరు ఇక్కడ రాయను. ఏ పేరు పెట్టినా కథ ఇదే. సర్వేకి వచ్చినోళ్ళు మా పాక చుట్టూ టేపు పట్టారు. తాటాకు, వెదుర్లు, మట్టిగోడ అని రాసుకుని వాటికి ధర కట్టారు. పాక కింద నేల మాది కాదన్నారు. తాతకి సర్కారిచ్చిన ఎకరన్నర బంజరుకి డీ-పట్టా ఉంది. రాళ్ళేరి, తుప్పలు కొట్టి, జీడిమొక్కలేసి దాన్ని పొలం చేశాడు. అది ప్రభుత్వ భూమే, ప్రభుత్వం వెనక్కి తీసుకుంటోందని చెప్పి పక్క చేను పట్టా భూమి కన్నా బాగా తక్కువిచ్చారు.

మిగతాది ఏ లెక్కలోకీ రాలేదు. ఊడుపులకీ కోతలకీ మా అమ్మకి దొరికే కూలి, కళ్ళం ఊడ్చుకుంటే మిగిలే గింజలు, గెడ్డలో చేపలు, గట్ల మీద ఆకుకూర, పొయ్యిలోకి పుల్లలు, రెండు మేకలు మేసే బీడు. పట్టా లేకుండా మేం బతికింది వీటి మీదే. ఊళ్ళో రామాలయానికి విలువ కట్టి కాలనీలో కొత్త గుడి లేపారు. మా శ్మశానం ఏ రికార్డులోనూ లేదు. మా మామ్మ సర్వేయరుని అడిగింది: "మా అత్తనీ మాయమ్మనీ పూడ్చిన సోటుకి ఏటిత్తారు బావూ?" ఆయన నవ్వి టేపు చుట్టుకున్నాడు.

కాలనీలో స్థలాలు పంచేటప్పుడు ఊరి పెద్దలు ఎవరి వీధి వాళ్ళకని ముందే రాయించుకున్నారు. మాకు మురుగుకాలవ పక్కన చివరి లైను వచ్చింది. పాత ఊళ్ళో పేట ఊరి బయటుండేది, కొత్త ప్లానులో కూడా కొలిచి మరీ బయటే పెట్టారు. ఇంటికో ఉద్యోగం అన్నారు. ఇల్లంటే పట్టా భూమి పోయిన ఇల్లని తర్వాత తెలిసింది. పైగా పదో తరగతి, ఐటీఐ అడిగారు. మా అయ్యది వేలిముద్ర. మాయమ్మ కాంట్రాక్టరు కింద తుడిచే పనికి కుదిరింది. ఆ కూలి మీదే నేను బీఏ, బీఈడీ చదివాను, డీఎస్సీ రాసి టీచరునయ్యాను. దీన్ని కంపెనీ తెచ్చిన అభివృద్ధి అనే పెద్దమనుషులు ఉన్నారు. మాయమ్మ నడుముని అడిగితే వేరే జవాబొస్తుంది.

డీ-పట్టాల సంగతి మా ఒక్క ఊరిది కాదు. అసైన్డ్ భూములు భూమి లేని పేదల చేతిలోంచి జారిపోకూడదని 1977లో రాష్ట్రంలో చట్టం చేశారు. వాటిని కొనకూడదు, అమ్మకూడదు అని అందులో రాశారు. కానీ పరిశ్రమకి భూమి కావలసొచ్చినప్పుడు సర్కారు ముందు చూసేది వాటివైపే. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో సెజ్ కోసం తీసుకున్న భూముల్లో కూడా పేదల అసైన్డ్ భూములున్నాయి. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారమివ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. అప్పటికి మా ఎకరన్నర మీద ప్రహరీగోడ లేచి ఏళ్ళయింది. ఏజెన్సీలో గిరిజనులకి 1970 నాటి భూబదలాయింపు నిబంధన, 1997 నాటి సమతా తీర్పు ఉన్నాయి. వాటినే అమలు చేయరు, అది వేరే పోరాటం. మైదానంలో దళితుడికి అలాంటి అడ్డుగోడ కూడా లేదు.

2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. భూమి లేకపోయినా, మూడేళ్ళుగా ఆ భూముల మీద పని చేసి బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు, చేతిపనివాళ్ళు కూడా బాధిత కుటుంబాలేనని అందులో రాశారు. 119 ఏళ్ళకి చట్టానికి మా తాత కనిపించాడు. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు చేసుకుని, కొన్ని రకాల ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేకుండా చేసుకున్నాయి. ఊళ్ళో ఎవరెవరు దేని మీద బతుకుతున్నారో ముందుగా లెక్క రాసేది ఆ అంచనాలో. దాన్ని తీసేస్తే కూలోడు మళ్ళీ కాగితం మీంచి మాయమవుతాడు.

ఉద్యమాల్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క పని చెబుతాను. ఎకరానికి ఎంతివ్వాలని గొంతెత్తే ముందు పేటలోకి రండి. నోటిమాట కౌలు ఎవరిదో, ఎవరు ఎన్నేళ్ళుగా ఎవరి చేలో పని చేస్తున్నారో, శ్మశానం ఎక్కడుందో, మేకలు మేసే బీడు ఏ సర్వే నంబరులో ఉందో రాయండి. గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. సర్వేయరు టేపు విప్పకముందే ఆ కాగితం కలెక్టరాఫీసుకి చేరాలి. మా పేట నుంచి అలాంటి కాగితం ఒక్కటీ వెళ్ళలేదు. ఇంకో పేట నుంచయినా వెళ్ళాలి.