పాట పాడని దువ్వెన

దువ్వెనలకీ మనకీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. చిక్కు దువ్వెన, పేల దువ్వెన, అమ్మమ్మల నాటి కొమ్ము దువ్వెన, ఆ తరవాత వచ్చిన రంగురంగుల ప్లాస్టిక్ దువ్వెన - ఇన్నింటిని ఎరిగిన మనకి తెలియని దువ్వెన ఇంకొకటి ఉంది. అది జుట్టు జోలికి రాదు. మౌత్ ఆర్గాన్ పొట్టలో దాక్కుని ఉంటుంది.

"షోలే" (1975) చూసినవాళ్ళెవరూ మౌత్ ఆర్గాన్‌ని మరిచిపోలేరు. రాత్రివేళ అమితాబ్ బచ్చన్ వాయిస్తూంటే, మేడమీద జయా బాదురి దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వెడుతుంది. తెర వెనక నిజంగా వాయించింది భాను గుప్తా. అంత దిగులుని పలికించిన ఆ వాద్యాన్ని విప్పి చూస్తే ఏముంటుందంటారా? పైనా కిందా రెండు రేకు మూతలు. వాటి లోపల రెండు ఇత్తడి పలకలు. పలకలకి బిగించిన సన్నని ఇత్తడి నాలుకలే రీడ్లు. మన పద్యనాటకాల హార్మోనియంలో మోగేవీ ఇటువంటివే. పది రంధ్రాల మామూలు వాద్యంలో ఇరవై రీడ్లుంటాయి. ఈ రెండు పలకల మధ్య, బొబ్బట్టులో పూర్ణంలాగా, పళ్ళున్న చెక్కముక్క ఒకటి ఉంటుంది. ఆ పళ్ళ సందుల్లోంచే మన ఊపిరి రీడ్ల దగ్గరికి చేరుతుంది. చూడడానికి అచ్చం దువ్వెనే కనుక, ఇంగ్లీషువాళ్ళు దానికి ఆ పేరే పెట్టేశారు.

జర్మనీలో ట్రొసింగెన్ అనే చిన్న ఊళ్ళో గడియారాలు చేసుకునే మథియాస్ హోనర్ 1857లో మౌత్ ఆర్గాన్ల పని మొదలుపెట్టాడు. భార్య అన్నా చేయి వేసింది. మొదటి ఏడాది తయారైనవి 650. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి ఏడాదికి పదిలక్షలు! ఇన్ని ఎవరు చేశారు? ఫాక్టరీలో పనివాళ్ళతోపాటు, చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆడవాళ్ళూ పిల్లలూ కూలికి చేశారు. మనవైపు బీడీలు చుట్టేవాళ్ళూ, అప్పడాలు ఒత్తేవాళ్ళూ ఉన్నారే, అలాగే. మెరిసే మూతల మీద మాత్రం హోనర్ పేరొక్కటే చెక్కారు.

ఆ కంపెనీ 1896లో తెచ్చిన "మెరైన్ బాండ్" అనే రకం ప్రపంచమంతా తిరిగింది. దాని దువ్వెన బేరిపండు చెట్టు కలపది. ఆ కలప ఈనె సన్నం, సన్నని పళ్ళు కోసినా విరగదు. కాని కర్ర కర్రే కదా! వానాకాలంలో మన వీధి తలుపు ఉబ్బి బిగుసుకుపోయినట్టు, వాయించేవాడి ఊపిరి తేమకి ఈ పళ్ళూ ఉబ్బుతాయి. ముందుకి పొడుచుకొచ్చి పెదవులు గీరుకుంటాయి. అది చాలదన్నట్టు, కొందరు వాద్యకారులు వాద్యాన్ని కావాలనే నీళ్ళల్లో ముంచేవారు. కర్ర ఉబ్బితే సందులు మూసుకుని ధ్వని గట్టిగా వస్తుందని. ఆ తరవాత పొడుచుకొచ్చిన పళ్ళని చాకుతో చెక్కుకునేవారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి జర్మనీ సరుకు ఆగిపోయేసరికి, అమెరికాలో ఫిన్ మాగ్నస్ అనే ఆయన మౌత్ ఆర్గాన్లని ప్లాస్టిక్‌తో చేయడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ ఉబ్బదు, గీరుకోదు, చవక కూడాను. కాని పాతతరంవాళ్ళకి నచ్చితేనా! "కర్రలో ఉన్న తీపి ప్లాస్టిక్‌లో ఏదీ?" అని వాదం. మట్టికుండలో పప్పు రుచి కుక్కర్లో రాదనే మన వాదంలాంటిదే.

ఆ వాదమే కొందరిని కొత్త దారి పట్టించింది. తమ దువ్వెన తామే చేసుకోవాలనుకున్నారు. ఇత్తడితో చేసినవాళ్ళున్నారు, అల్యూమినియంతో చేసినవాళ్ళున్నారు. వంటింటి గట్టుమీద పరిచే కృత్రిమరాతిని కోసి చేసినవాళ్ళూ ఉన్నారు. 2009లో హోనర్ కంపెనీయే వెదురు దువ్వెనతో ఒక రకం తెచ్చింది. మౌత్ ఆర్గాన్‌కి పూర్వీకురాలనదగ్గ "షెంగ్" అనే చైనా వాద్యం గొట్టాలు వెదురువే. వెదురు మళ్ళీ పుట్టింటికి వచ్చిందన్నమాట.

వస్తువు ఏదైనా పని ఒక్కటే. ముక్కని కొలతకి కోయాలి, సందులు రంపంతో తియ్యాలి, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యాలి. ఆపైన అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, ముక్కని దానిమీద రుద్ది రుద్ది చదును చెయ్యాలి. అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. వెంట్రుకవాసి ఎగుడుదిగుడున్నా గాలి పక్కకి పోతుంది. గాస్కెట్ వదులైన కుక్కరు బుస్సుమంటుందే గాని విజిలు వెయ్యదు చూడండి, అలాగన్నమాట. కర్రదైతే తేమ ఎక్కకుండా నూనో మైనమో పట్టించాలి.

మరి ఇంత పాటుపడితే గొంతు మారిందా? 2010లో అమెరికాలో మౌత్ ఆర్గాన్ వాద్యకారులు ఏటా కలుసుకునే సభలో ఈ సంగతే పరీక్షించారు. అవే రీడ్ల పలకలకి రకరకాల దువ్వెనలు మార్చి మార్చి బిగించి, ఏది దేనితో చేసిందో చెప్పకుండా వాయించమన్నారు. వాయించినవాళ్ళూ పోల్చుకోలేకపోయారు, విన్నవాళ్ళూ పోల్చుకోలేకపోయారు!

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. వీణ సంగతి వేరు. అక్కడ తీగ కదలిక పనసకర్రలోకి దిగి, కర్ర కూడా మోగుతుంది. ఇక్కడ రీడు గాలిని తుంచి తుంచి వదులుతుంది. మోగేది ఆ గాలే. దువ్వెన మోగదు. పళ్ళ మధ్య గాలిని జారిపోనీయకుండా పట్టుకుంటుంది, అంతే.

అంతేనా? కాదనిపిస్తుంది నాకు. ఇరవై రీడ్లలో ఏ ఒక్కటీ ఆ చదునైన ముక్క లేకుండా సరిగ్గా పలకలేదు. గొంతు ఇవ్వకపోయినా, దువ్వెన బాగుంటే వాయించేవాడి ఊపిరి వృథా కాదు, పెదవి తెగదు, పక్కవాళ్ళకి కష్టం తెలియనే తెలియదు. తను పాడకుండా ఇంటిల్లిపాదినీ పాడించేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరు లేరు! కాకపోతే ఒక్క మాట. కర్ర ఉబ్బితే చాకుతో చెక్కుకోవచ్చు గాని, మనుషులని అలా చెక్కలేం కదా.

ట్రొసింగెన్‌లో ఇప్పుడు మౌత్ ఆర్గాన్ల మ్యూజియం ఉంది. అద్దాల బీరువాల్లో మూతల మీది బొమ్మలు చూసి ముచ్చటపడవచ్చు. ఆ ఊరి ఇల్లాళ్ళ చేతిపని మాత్రం మూతల కిందే ఉంది. ఈసారి మీ వీధిలో ఏ కుర్రాడైనా మౌత్ ఆర్గాన్ ఊదుతూ పోతూంటే, పాటతో పాటు దాన్ని కూడా ఒకసారి తలుచుకోండి.