ఆపినవాడి చరిత్ర – సయ్యద్ నయీముద్దీన్

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో పడుతుంది. గోలు పడకుండా ఆపినవాడి పేరు ఎక్కడా పడదు. పది దాడులు ఆపి పదకొండోది తప్పితే మాత్రం మైదానమంతా అతన్నే తిడుతుంది. అటువంటి పనిని బ్రతుకుదెరువుగా చేసుకుని, దేశపు జట్టుకు కెప్టెన్ అయిన ఒక హైదరాబాదీ కథను ఈ సంచిక ద్వారా సభ్యుల ముందు, ముఖ్యంగా మన పిల్లల ముందు పెట్టాలని నా ఉద్దేశం. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్.

మన శ్రీకాకుళం ప్రాంతానికి ఆటలూ బలమూ కొత్త కావు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తిగారి పేరు తెలియని ఇల్లు లేదు. ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఆ బలం కళ్ళకు కనబడే బలం, కిలోల్లో చెప్పుకునే బలం. వెనక నిలబడి ఆడే బ్యాక్ ఆటగాడి బలానికి కిలోల లెక్క లేదు. అందుకే ఆయన సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నయీం 1944లో హైదరాబాదులో పుట్టాడు. ఆయన ఆరేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు, అంటే 1950లో, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఆ కప్పు ఆ జట్టుదే. ఆ జట్టును తయారు చేసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, హైదరాబాదు బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పినవారు. సాటి పంతులుగా ఈ మాట రాస్తున్నప్పుడు నాకు సంతోషమేగాని గర్వం లేదు. ఎందుకంటే ఆయన చేసినదాంట్లో వందో వంతు కూడా మనవల్ల కాలేదు.

రహీం సాబ్ చేసిన మేలేమిటో రెండు స్కోర్లు చూస్తే తెలుస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో వట్టికాళ్ళతో ఆడారు. ఆ తర్వాతనే బూట్లు తప్పనిసరి అన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో మెల్‌బోర్న్‌లో, రహీం సాబ్ శిక్షణలో అదే దేశం జట్లు సెమీఫైనల్లో ఎదురుపడ్డాయి. ఈసారి మొదటి గోలు మనదే. చివరికి 4–1తో ఓడినా, భారతదేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా కొట్టిన మూడు గోళ్ళను అందరూ చెప్పుకుంటారు. పది గోళ్ళు నాలుగుకు దిగిన సంగతి ఎవరూ చెప్పుకోరు. రెండు ఒలింపిక్స్‌కూ వెళ్ళిన మన హైదరాబాదు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్‌ల పేర్లు ఇవ్వాళ ఎంతమందికి తెలుసు చెప్పండి?

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చినప్పుడూ ఇదే తంతు. పంజాబుకు చెందిన జర్నైల్ సింగ్ అసలు స్థానం వెనకనే. తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే రహీం సాబ్ ఆయన్ని ముందుకు పంపారు. ఆయన గోలు కొట్టాడు. నేటికీ ఆ గోలునే తలుచుకుంటారుగాని, ఏళ్ళ తరబడి ఆయన వెనక నిలబడి చేసిన కాపలాను కాదు. మరుసటి ఏడు, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో రహీం సాబ్ కన్నుమూశారు.

నయీం ఆ ఉస్తాద్ చివరి తరం శిష్యుల్లో ఒకడు. సిటీ పోలీసు జట్టులో పదునెక్కి, 1966లో కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడాడు. కలకత్తా అంటే మన ఉత్తరాంధ్రకు పరాయి చోటు కాదు. మన ఆమదాలవలస మీదుగా పోయే రైలు పట్టుకుని ఖరగ్‌పూర్ రైల్వే పనులకూ, హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులకూ పోయిన కుటుంబాలు ఎన్నో. నయీం పోయిందీ పొట్టకూటి కోసమే, పేరు కోసమే. తేడా ఒక్కటే: ఆయన పనిని వేలమంది గట్టుమీద కూర్చుని చూసేవారు.

ఆ రోజుల్లో మనదేశంలో ఫుట్‌బాల్ పేరుకు అమెచ్యూర్ ఆట. జాతీయ లీగు వచ్చిందే 1996లో. అప్పటిదాకా ఆటగాడికి పోలీసుశాఖో, రైల్వేయో, బ్యాంకో ఇచ్చే ఉద్యోగమే అన్నం పెట్టేది. కలకత్తా పెద్ద క్లబ్బుల్లో డబ్బుండేది నిజమే, కాని ఏటేటా కొత్త సంతకం, ఏటేటా కొత్త పరీక్ష. గోళ్ళు కొట్టేవాడికి లెక్క చూపించడం తేలిక. వెనక ఆడేవాడు నేను ఇన్ని ఆపాను అని ఏ కాగితం చూపిస్తాడు? అలాంటి చోట నయీం ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఒకరికొకరు బద్ధ విరోధులైన ఆ మూడు క్లబ్బులూ ఆయన కావాలనుకున్నాయంటే, అదే ఆయన లెక్క.

1970 డిసెంబరులో బాంకాక్ ఏషియన్ గేమ్స్‌కు నయీం కెప్టెన్. ఆ జట్టులో మరో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నాడు. సెమీఫైనల్లో బర్మా చేతిలో మనవాళ్ళు ఓడిపోయారు. మూడో స్థానానికి జపాన్‌తో ఆడాలి. జపాన్ అంటే రెండేళ్ళ క్రితమే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. మనవాళ్ళు 1–0తో గెలిచారు. ఆ స్కోరులో ఒకటి అనే అంకె గోలు కొట్టినవాడిది. ఆ పక్కనున్న సున్నా ఎవరిదో ఆలోచించండి. ఆట ముగిసేదాకా ఆ సున్నాను చెరగనివ్వకుండా కాపాడినవాళ్ళు గోల్‌కీపరూ, వెనకవరస ఆటగాళ్ళూ, వాళ్ళ కెప్టెనూ. ఆ తర్వాత 2023 హాంగ్‌ఝౌ పోటీల దాకా ఏషియన్ గేమ్స్ పురుషుల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరో పతకం రాలేదు.

1970కే అర్జున అవార్డు ఆయనకు వచ్చింది. ఆట మానేశాక చాలామంది ఆటగాళ్ళు చీకట్లోకి పోతారు. నయీం పంతులయ్యాడు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యురాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఆ సంవత్సరానికే ద్రోణాచార్య అవార్డు. 1997లో ఖాట్మండులోనూ, 2005లో కరాచీలోనూ దక్షిణాసియా పోటీలు గెలిచిన భారత జట్లకు శిక్షకుడు ఆయనే. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టు కూడా ఆయన చేతికి వచ్చింది. వెనక నిలబడి ఆడినవాడికి మైదానమంతా ఎదురుగా కనబడుతుంది. ఎవడు ఎటు కదులుతున్నాడో చూసి కేకేసి చెప్పడం వాడి పని. శిక్షకుడి పనీ అదే గదా.

బడిలో పిల్లలకు బంతి ఇచ్చి చూడండి. అందరూ ముందు ఆడతామంటారు. వెనక ఉండమంటే, నేనేం తప్పు చేశాను సార్ అని మొహం మాడ్చుకుంటారు. ఇంట్లోనూ అంతే. జీతం తెచ్చేవాడు కనబడతాడు. అప్పు పెరగకుండా, చదువు ఆగకుండా, గొడవ వీధిన పడకుండా ఆపే తల్లి కనబడదు.

రహీం సాబ్ మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. మంచిదే, ఒక పంతులు పేరు అరవై ఏళ్ళ తర్వాతైనా జనం నోట పడింది. ఆయన శిష్యుల సంగతులు మాత్రం ముసలివాళ్ళ జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. ఆ తరంలో హబీబ్, బలరాం ఇద్దరూ 2023లోనే పోయారు. సినిమా తియ్యడం మనవల్ల కాదు. మన ఊళ్ళో, మన జిల్లాలో పోలీసు జట్టుకో రైల్వే జట్టుకో ఆడిన పెద్దలెవరైనా ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు మాటలు రాసిపెట్టడం మనవల్ల అవుతుంది.

ఇక కార్యవర్గానికి నాదొక మనవి. సంఘం తరఫున పిల్లలకు ఫుట్‌బాల్ పోటీ పెట్టినప్పుడు, ఎక్కువ గోళ్ళు కొట్టినవాడికి కప్పు ఎలాగూ ఇస్తారు. దాని పక్కనే, అంతే సైజు కప్పు ఒకటి వెనక ఆడినవాడికి కూడా ఇవ్వండి. దానిమీద నయీముద్దీన్ పేరు చెక్కించండి. ఆయనెవరని పిల్లలు అడిగితే, ఈ వ్యాసం చదివి వినిపించండి.