ఐదు అక్షరాల ఇంగ్లీష్ పదాలు: వైజాగ్ పోర్టు, స్టీల్ ప్లాంట్‌లోనే బోలెడు.. ఒక్క అక్షరం మారితే అర్థమే వేరు!

వైజాగ్ అని ఇంగ్లీష్‌లో రాస్తే సరిగ్గా ఐదు అక్షరాలు. కానీ వర్డిల్ గేమ్‌లో టైప్ చేస్తే ఒప్పుకోదు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు అందులో చెల్లవు. ఫర్వాలేదు, ఈ సిటీలో రోజూ వినిపించే ఐదక్షరాల మాటలు ఇంకా చాలానే ఉన్నాయి. గేమ్ ఆడేవాళ్లకే కాదు, ఉద్యోగానికి అప్లికేషన్ రాసేవాళ్లకూ ఇవి పనికొస్తాయి. అవేంటో చూద్దాం.

గేమ్ రూల్ ఏంటి?

జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ తయారుచేసిన ఈ గేమ్ 2021 అక్టోబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ దీన్ని కొనేసింది. రోజుకు ఒకే పదం, ఆరు ఛాన్సులు. అక్షరం సరైన చోట ఉంటే పచ్చ రంగు. పదంలో ఉంది కానీ చోటు వేరైతే పసుపు. అసలు లేకపోతే బూడిద రంగు.

స్టీల్ వర్సెస్ స్టీల్

ఎస్-టీ-ఈ-ఈ-ఎల్ అంటే ఉక్కు. ఎస్-టీ-ఈ-ఏ-ఎల్ అంటే దొంగిలించడం. రెండూ ఐదక్షరాలే, నాలుగు ఒకటే, పలకడమూ ఒకేలా. చెవికి తేడా తెలియదు. రెజ్యూమెలో 'స్టీల్ ప్లాంట్ అప్రెంటిస్' అని రాసేటప్పుడు ఈ బదులు ఏ పడిందంటే ఉక్కు కాస్తా దొంగతనం అయిపోతుంది. రెండూ కరెక్ట్ పదాలే కాబట్టి ఫోన్‌లో స్పెల్ చెక్ చాలాసార్లు ఎర్రగీత కూడా పెట్టదు. మనమే చూసుకోవాలి.

బెర్త్‌కూ ఇదే గొడవ. బీ-ఈ-ఆర్-టీ-హెచ్ అంటే పోర్టులో ఓడ ఆగే చోటు. రైల్లో మనం పడుకునే బెర్త్ కూడా ఇదే. ఈ తీసి ఐ పెడితే పుట్టుక. బర్త్ సర్టిఫికెట్‌లో వచ్చేది అది.

పోర్టులో దొరికే పదాలు

విశాఖ పోర్టు 1933లో మొదలైంది. అక్కడ వాడే మాటల్లో కొన్ని:

* కార్గో: ఓడలో వచ్చే, వెళ్లే సరుకు.
* వార్ఫ్: ఓడను ఆనించి సరుకు దించే గట్టు. డబ్ల్యూ తర్వాత హెచ్ ఉంటుంది, కానీ పలకం. చాలామంది మర్చిపోయేది ఇదే.
* డ్రాఫ్ట్: ఓడ నీళ్లలోకి ఎంత లోతు దిగుతుందో ఆ కొలత. ఉత్తరం ముసాయిదాకూ ఇదే పదం. బ్రిటిష్ పద్ధతిలో ఓడ డ్రాఫ్ట్‌కు ఏడు అక్షరాలు, అందుకే అది గేమ్‌లో పట్టదు.
* క్రేన్: మెడ పొడుగ్గా ఉండే పక్షి పేరే ఈ యంత్రానికి వచ్చింది. సీ, ఆర్, ఏ, ఎన్, ఈ.. ఐదూ ఎక్కువగా వాడే అక్షరాలే. అందుకే వర్డిల్‌లో మొదటి గెస్‌గా చాలామంది దీన్నే కొడతారు.

స్టీల్ ప్లాంట్‌లో దొరికే పదాలు

1971లో శంకుస్థాపన జరిగిన విశాఖ ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది.

* బ్లాస్ట్: వినగానే పేలుడు గుర్తొస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో మాత్రం గట్టిగా ఊదే వేడి గాలి అని అర్థం. ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌ల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ.
* బ్లూమ్: పువ్వు విచ్చుకోవడం అని స్కూల్లో చదివాం. ప్లాంట్‌లో అయితే పోతపోసిన పెద్ద ఉక్కు దిమ్మె.
* అల్లాయ్: మిశ్రమ లోహం.

అవే అక్షరాలు.. వేరే పదం

అల్లాయ్ అక్షరాలను అటూ ఇటూ మారిస్తే లాయల్ వస్తుంది, అంటే నమ్మకస్తుడు. ఓషన్ అక్షరాలతోనే కెనూ అవుతుంది, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ. సముద్రంలోనే పడవ ఉందన్నమాట! క్రేన్ అక్షరాలతో నేకర్ వస్తుంది, ముత్యపు చిప్ప లోపలి మెరిసే పొర.

మీటర్ సంగతి ఇంకా గమ్మత్తు. మన పుస్తకాల ప్రకారం చివర ఆర్-ఈ ఉంటే పొడవు కొలత, ఈ-ఆర్ ఉంటే కరెంట్ మీటర్ లాంటి పరికరం. అమెరికాలో రెండింటికీ ఈ-ఆరే.

గెలవాలంటే ఇవి గుర్తుంచుకోండి

* స్పెల్లింగ్ అమెరికా పద్ధతిలో ఆలోచించండి. కలర్ మనకు ఆరు అక్షరాలు, వాళ్లకు ఐదే.
* ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చు. స్టీల్‌లో రెండు ఈలు, బ్లూమ్‌లో రెండు ఓలు ఉన్నాయి. ఒక్క ఈ పచ్చగా మారినంత మాత్రాన రెండోది లేదని అనుకోవద్దు.
* చివర ఎస్ తగిలించిన బహువచనాలను గెస్‌గా తీసుకుంటుంది. జవాబుగా రావడం మాత్రం చాలా అరుదు.

గేమ్‌లో తప్పు కొడితే ఒక ఛాన్స్ పోతుంది, రేపు మళ్లీ ఆడొచ్చు. అప్లికేషన్‌లో తప్పు పడితే దిద్దుకునే ఛాన్స్ ఉండకపోవచ్చు. అందుకే ఒకేలా వినిపించే పదాలను జంటగా రాసి నేర్చుకోండి. సబ్మిట్ కొట్టే ముందు ఒక్కో అక్షరం చదివి చూడండి.